ఒంటిగంటకు ఒక్కసారి

ఆ రోజుల్లో ఉప్పల్‌లో అద్దెకు గది దొరకడం తేలికే గానీ, మాట్లాడే మనిషి దొరకడమే కష్టంగా ఉండేది. (ఇది ఉప్పల్ తప్పు కాదు పాపం, నోరు విప్పని నా మహత్యం.) గోదావరి పక్క నుంచి వచ్చి, రింగురోడ్డు దగ్గర మేడ మీదున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ప్రొబేషన్ మీద చేరాను. ఆదివారం వచ్చిందంటే, కిరాణా కొట్లో "పెరుగు ప్యాకెట్ ఒకటి" అన్నదే రోజంతటికీ నా సంభాషణ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ పూటకోసారి "అన్నం తిన్నావా?" అని అడిగితే "తిన్నాలేవే, వదిలెయ్" అని విసుక్కున్న మహానుభావుణ్ణి, ఇక్కడ ఆ ఒక్క ప్రశ్న కోసం మొహం వాచిపోయాను.

మా టీం లీడర్‌కి నేను మనసులో పెట్టుకున్న పేరు రూల్సు గారు. "ఫంక్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక ముక్క, అది ఒక్క పనే చెయ్యాలి. ఒకే మాట రెండు చోట్ల రాయకూడదు. ముందు పరీక్ష రాయి, తర్వాతే కోడ్ రాయి" అని రోజూ పాఠం చెప్పేవారు. నాచారంలో ఒక మందుబిళ్లల ఫ్యాక్టరీ స్టోర్సుకి ప్రోగ్రాం రాసే పని నాకు అప్పగించారు. పనివాళ్లకు గ్లౌజులు, లేబుళ్లు ఇచ్చినప్పుడల్లా కంప్యూటర్లో ఎక్కించాలి, ఎక్కాక కంప్యూటర్ ఏదో ఒక మాట చూపించాలి. ఆ మాటేమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు కదా అని, అప్పటికి ఇంగ్లీషు అక్షరాల్లో "అన్నం తిన్నావా?" అని పెట్టుకున్నాను. రూల్సు గారి శిష్యుణ్ణి కాబట్టి ఒక్కచోటే రాసి, అన్ని స్క్రీన్లూ దాన్నే వాడుకునేట్టు చేశాను. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష కూడా రాశాను. ఎక్కించాక అన్నం తిన్నావా అని అడుగుతుందా? అడుగుతుంది. పాస్! సరిచూసుకోడానికి నేను ఎక్కించినప్పుడల్లా, రోజుకు యాభైసార్లు అడిగేది. నేను యాభైసార్లూ లోపల "ఆఁ, తిన్నా" అనుకునేవాణ్ణి. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మర్చిపోయానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను గానీ, నిజానికి చేతులు రాలేదు.

ఇంతలో ఫ్యాక్టరీవాళ్లు ప్రోగ్రాంని ఒప్పుకునే పరీక్ష రోజు వచ్చింది. వాడేవాళ్లు మన ఎదురుగా తమ పని తాము దాని మీద చేసి చూసి, బాగుందంటే సంతకం పెట్టాలి. నాచారం పోయే బస్సులో రూల్సు గారు తాపీగా చెప్పారు: "సంతకం పడితే నువ్వు పర్మనెంటు. పడలేదా, నెలాఖరుకి టాటా."

సంతకం పెట్టాల్సింది స్టోర్స్ ఇన్‌చార్జి. ఫ్యాక్టరీ అంతా ఆయన్ను స్టోరన్న అంటారు. ఏ వస్తువిచ్చినా రాసింది పైకి చదివి, తీసుకున్నవాళ్ల చేత ముట్టిందనిపించుకోనిదే వదలడు. అదాయన ఇరవయ్యేళ్ల పద్ధతి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి మనిషికి ఇచ్చి, మీట నొక్కి, కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివాడు: "గ్లౌజులు రెండు జతలు, ముట్టినయా? అన్నం తిన్నవా?"

"ముట్టినయన్నా. అన్నమైతే ఇంకా లేదు, మిషిన్ ఆపితే గదా తినేది!"

నేను గబుక్కున స్క్రీన్‌కి అడ్డం నిలబడబోయాను. స్టోరన్న మాత్రం తొణకలేదు. తర్వాతి ఆవిడకు "లేబుళ్ల కట్ట ఒకటి, ముట్టిందా? అన్నం తిన్నవా?" అన్నాడు.

"ఏందన్నా, గియ్యాల గింత ప్రేమ పుట్టుకొచ్చింది?" అందావిడ. లైనంతా ఘొల్లుమంది.

రూల్సు గారు నా చెవి దగ్గరికి వంగారు. "ఏమిటయ్యా ఇది? పరీక్షలన్నీ పాసయ్యాయన్నావు!"

"అడుగుతుందా లేదా అనే రాశానండీ పరీక్ష. అడుగుతోంది కదండీ..."

పన్నెండో మనిషి వెళ్లాక స్టోరన్న సంతకం కాగితం పక్కకు జరిపి, నా వైపు తిరిగాడు. "తమ్మీ, గిది ఎవర్ని అడుగుతుంది? వాళ్లనా, నన్నా?"

ఏదో ఒక అబద్ధం ఆడొచ్చు. కానీ నోరు నా మాట వినలేదు. "నన్నేనన్నా. ఇక్కడ నన్నడిగేవాళ్లెవరూ లేరు. అందుకని పెట్టుకున్నాను."

స్టోరన్న లేచి, వెనక నుంచి టిఫిన్ డబ్బా తీశాడు.

"మరి తిన్నవా?"

"లేదన్నా."

"గట్లుంటే రా, ముందు తిందాం. సంతకం యాడికి పోతది?"

అట్టపెట్టెల మీద కూర్చుని ముగ్గురం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. చెయ్యి కడుక్కొచ్చి స్టోరన్న తన షరతు చెప్పాడు: "మాటిమాటికి అడిగితే యాష్టకొస్తది. ఒంటిగంటకు ఒక్కసారి అడగమను. గీడ మంది పనిల పడి తినుడు మర్చిపోతరు. గది జేసినంకనే సంతకం." వాడేవాళ్ల షరతు షరతే కాబట్టి రూల్సు గారు కిమ్మనకుండా రాసుకున్నారు.

తిరుగు బస్సులో ఆయన తిడతారనుకున్నాను. పాఠం చెప్పారు. "ఫంక్షన్ తనంతట తాను గడియారం చూడకూడదు. టైము బయట్నుంచి అందాలి: ఫ్యాక్టరీలో గడియారం నుంచి, పరీక్షలో నీ చేత్తో. అదే టైమిస్తే ఎప్పుడైనా అదే జవాబు రావాలి." అలాగే రాశాను. పరీక్షలో పన్నెండు యాభైతొమ్మిది ఇచ్చాను, కిక్కురుమనలేదు. ఒంటిగంట ఇచ్చాను, అడిగింది. వారం తిరక్కుండా సంతకం పడింది, నేను పర్మనెంటయ్యాను.

ఇప్పుడు పదకొండుమందికి నేనే రూల్సు గారిని. అందరూ చెవులకు ఏవో తగిలించుకుని పని చేసుకుంటారు, నాతో పని ఉంటే పక్క సీటు నుంచే మెసేజ్ పంపుతారు. స్టోరన్న రిటైరై ఊరెళ్లిపోయాడు. ఆ ఫ్యాక్టరీలో వేరే ప్రోగ్రాం వచ్చింది, అది ఎవర్నీ ఏమీ అడగదట. నా దగ్గర మాత్రం ఆ పాతది ఇంకా ఉంది. ఒక్కోరోజు మూడున్నరైనా టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా కూర్చుండిపోతాను. అప్పుడు ఎవరూ చూడకుండా దాన్ని తెరిచి, బయట్నుంచి ఒంటిగంట ఇస్తాను. వెంటనే అడుగుతుంది. "ఇంకా లేదన్నా" అని పైకే అనేసి, డబ్బా తెరుస్తాను.