నిఘంటువుతో చోటు ఆపుకున్న ఆదివారం

ఆ ఆదివారం ఉదయం సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి దిగినవాళ్ళం ముగ్గురం: నేను, నాకు గది అద్దెకిచ్చిన అంకుల్, ఆంటీ. వెంట తెచ్చినవి మూడు: గొడుగు, ఆంటీ సంచి, హవాయి–ఇంగ్లీషు పెద్ద నిఘంటువు. సంచిలో ఎప్పుడూ ఉండే టిష్యూ ప్యాకెట్ ఆరోజు లేదు.

అంకుల్‌ది కాకినాడ. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఒకే ఇంజన్ రూములో ఏళ్ళ తరబడి ఆయనతో పనిచేసిన హవాయి స్నేహితుడు విడిపోయేటప్పుడు ఇచ్చిన పుస్తకం అది. రోజుకు కొన్ని మాటల చొప్పున అంచుల్లో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాసుకుంటూ వచ్చారు. ఆ స్నేహితుడు వచ్చే నెల సింగపూర్ వస్తున్నాడు. అతనితో అతని భాషలోనే మాట్లాడాలని అంకుల్ కోరిక.

"పుస్తకం చేతిలో లేకపోతే నాకు ఒక్క ముక్కా రాదోయ్," అనేవారు. అందుకే ఎక్కడికెళ్ళినా అది వెంట ఉండేది.

"నాతో మాట్లాడ్డానికి తెలుగులోనే మాటలు దొరకవు. ఈయనకి హవాయి భాష కావాలిట," అన్నారు ఆంటీ మెట్లు దిగుతూ.

ఇక్కడ తిండి కోసం లైన్లో నిలబడేముందు బల్ల మీద ఏదో ఒకటి పెట్టి చోటు ఆపుకుంటారు. దాన్నే చోప్ చెయ్యడం అంటారు. మామూలుగా టిష్యూ ప్యాకెట్ చాలు. అది లేదు కాబట్టి నేను ఆలోచించాను. గొడుగు జారిపడుతుంది. సంచిలో ఆంటీ ఫోనుంది. నిఘంటువైతే ఫ్యాను గాలికి కదలదు, ఎవరికీ అక్కర్లేదు. అంకుల్ ముందే కాఫీ లైన్లోకి వెళ్ళారు. పుస్తకం బల్ల మధ్యలో పెట్టి నేనూ, ఆంటీ దోసెలకు వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. పుస్తకం లేదు. అంకుల్ కాఫీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

బల్లలు తుడిచే చైనీస్ పెద్దావిడని అడిగాను.

"బుక్ ఆ? దేర్ లా," అని ఖాళీ ట్రేలు పెట్టే అరల వైపు చూపించింది. ఎవరో మరిచిపోయారనుకుని జాగ్రత్తగానే పెట్టింది. పై అరలో ఒలికిన లక్సా నూడుల్స్ కొబ్బరిపాల పులుసు మాత్రం దాని మీద కారింది.

ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా ఫ్యాను కింద ఆరబెట్టాం. పెన్సిల్ రాత చెరగలేదు. మూడు కాగితాలు మాత్రం కొబ్బరిపాల జిడ్డుకి అంటుకుపోయి ఊడిరాలేదు. అంటే లోపలి నాలుగు పేజీలు పోయినట్టే.

"తప్పు నాదే అంకుల్."

"పోనీలేవోయ్. మన బల్ల మనకే దక్కిందిగా," అన్నారు. కానీ చెయ్యి ఆ కాగితాల మీదే ఉంది.

పోయిన మాటలు మళ్ళీ రాద్దామని నేను ల్యాప్‌టాప్ తెరిచి, పుస్తకంలో అంటుకున్న చోటికి ముందు పేజీలోని చివరి మాట చదివాను. అంకుల్ కళ్ళు మూసుకున్నారు.

"దాని తర్వాత... మహినా. చందమామ. డెక్ మీద నిలబెట్టి చూపించాడు. రాసుకో. మకా, కన్ను. మకానీ, గాలి. ఇంజన్ రూములో దొరకనిది."

"ఒక్క ముక్కా రాదన్నారు?" వంటింట్లోంచి ఆంటీ.

"నువ్వుండవే, వరస తప్పుతుంది."

టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నారు. ఆ నాలుగు పేజీల్లోంచి ఆయన చూడకుండా చెప్పిన మాటలు ముప్పై ఏడు.