మాయమైన పలుగురాయి చార

1996 మార్చిలో దేవనహళ్ళికి ఉత్తరాన ఉన్న ఒక రాతిగుట్టను పరిశీలించి రమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను బెంగళూరులో సహాయ భూవిజ్ఞానిని. గ్రానైటు క్వారీకి ఎవరైనా లీజు అడిగితే, ఆ రాయి పెద్ద దిమ్మెలుగా కోతకు పనికొస్తుందో లేదో చూసి నివేదిక ఇవ్వడం నా పని. నియమం ప్రకారం రాతిని సుత్తితో కొట్టి నమూనా తీయాలి. ఎండ మండిపోతోంది, చరియ నిలువుగా ఉంది. కింద చింతచెట్టు నీడలో నిలబడి బైనాక్యులర్స్‌తో చూశాను. పైఅంచు నుంచి పొడవాటి తెల్లచార కనిపించింది. పలుగురాయి అని రాసేశాను. ఆ చారలున్న దిమ్మెలు కోతలో పగిలిపోతాయి కనుక దరఖాస్తు తిరస్కరించమన్నాను. సుత్తి మాత్రం సంచీలోంచి బయటికి రాలేదు.

దరఖాస్తుదారు అప్పీలు చేశాడు. ఆగస్టులో మా సీనియర్ భూవిజ్ఞాని గారితో కలిసి మళ్ళీ వెళ్ళాను. చార లేదు! కోట్ల ఏళ్ళుగా ఉన్న రాయి అయిదు నెలల్లో ఎటు పోయిందో చెప్పమని ఆయన మహా మర్యాదగా అడిగారు. నేను సిగ్గుతో బైనాక్యులర్స్ అద్దాలు తుడిచి మళ్ళీ చూశాను. అక్కడ గొర్రెలు మేపుకుంటున్న నరసప్ప అనే పెద్దాయన ఆదుకున్నాడు.

"అది డేగ రెట్టప్పా. పైన గూడు ఉండాది. వానకి కడుక్కపోయింది. చలికాలం రా, మళ్ళా కనిపిస్తాది."

నెల రోజుల పాటు ఆఫీసులో నన్ను పక్షుల డాక్టరు అన్నారు.

పంతం పట్టి జనవరిలో సెలవు పెట్టి వెళ్ళాను. తెల్లచార మొదలైంది. దాని పైన జంట డేగలు. మార్చికి మూడు పిల్లలు. వాటిని చూడకపోతే ఆదివారం గడిచేది కాదు నాకు. అప్పీలు మీద నివేదిక ఇంకా నేనే ఇవ్వాలి. ఇప్పుడు నిజం రాస్తే లీజు వచ్చి గూడు పోతుంది, రాయకపోతే నా సంతకానికి విలువ పోతుంది. రాయి మేలైనదనే రాశాను. 'ఇతర విషయాలు' అన్న గడిలో మాత్రం గూడు సంగతి చేర్చి, చరియ చుట్టూ వంద మీటర్లు వదిలేయమని కోరాను. డేగలకు లీజిచ్చే అధికారం మనకెప్పుడు వచ్చిందని సీనియర్ గారు అడిగారు. అడిగి, సంతకం చేశారు. హద్దురాళ్ళు దగ్గరుండి నాటించాను. చాలా గర్వపడ్డాను కూడా.

మరుసటి జనవరికి గుట్ట అవతలి వైపు క్వారీ నడుస్తోంది, తూటాలు పెట్టి రాయి పేలుస్తున్నారు. నా వంద మీటర్లలో ఎవరూ అడుగుపెట్టలేదు. చరియ మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది.

"గెట్టు రాళ్ళు బాగానే నాటినావప్పా," అన్నాడు నరసప్ప. "తూటాల సద్దుకి ఆ సంగతి ఎవురన్నా చెప్పినారా?"

ఆ తర్వాత పదేళ్ళకు రిటైరయ్యాను. ఈలోగా ఏ గుట్టనైనా ఎండలో, వానలో, చలిలో చూసి, తూటాల సద్దు ఎందాకా పోతుందో కూడా లెక్కగట్టాకే నివేదిక ఇచ్చాను. ఆలస్యానికి మెమోలు అందుకున్నాను, జవాబులు రాశాను. ఆ ఒక్క గుట్టకు మాత్రం నా సంతకం ముందే పడిపోయింది.