కరివేపాకుకు పోతూ వీలునామా

హెబ్రోను వీలునామా చెప్పకుండా గడప దాటడు. ఆపరేషనుకు పోయేవాళ్ళు చెబితే అర్థం ఉంది. వేటకని సముద్రం మీదికి పోయేవాళ్ళు చెబితే ఇంకా అర్థం ఉంది. ఈయన వీధి చివర కొట్లో కరివేపాకు రెబ్బ కోసం పోతూ చెబుతాడు.

"అబిగయీలూ, నేను పావుగంటలో రాకపోతే స్టవ్ కట్టెయ్యి. చారుకి తాలింపు పెట్టొద్దు. నీ కళ్ళద్దాలు ఫ్రిజ్ మీద ఉండాయి."

అబిగయీలు పెళ్ళయిన కొత్తలో ఈ మాటలకు ఏడ్చింది. తర్వాత కొన్నాళ్ళు తిట్టింది. ఇప్పుడు "ఊఁ" అని ఊరుకుంటుంది. "రోజుకి నాలుగుసార్లు వీలునామా వింటా ఉండా పాస్టరు గారూ, ఆస్తి మాత్రం ఇంతవరకూ కంటికి కనబడలా" అని చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పి నవ్విస్తుంది.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగం వల్ల వచ్చింది. విడవలూరులో రొయ్యల మేత కొట్టు పైన ఒక గది ఉంది. బయట బోర్డు ప్రకారం అది సాఫ్ట్‌వేర్ కంపెనీ. యజమాని సుశీల్ కుమార్, సిబ్బంది హెబ్రోను. ఇద్దరూ ఇంజనీర్లే. హెబ్రోను చెన్నైలో చాలాకాలం పనిచేసి వచ్చినవాడు, వయసులో పెద్ద. సుశీల్ కుమార్ వాళ్ళ మేనమామ ఆ మేత కొట్టు ఓనరు. యజమాని కావడానికి ఆ అర్హత సరిపోయింది. సుశీల్ కుమార్ కూడా ఈ విషయం దాచుకోడు. "కంపెనీకి తలకాయ హెబ్రోను అన్న, నేను టోపీని" అని తనే చెబుతాడు. ఎండ కొడితే తప్ప టోపీతో పనిలేదని కూడా తనే కలుపుతాడు.

వాళ్ళు చేసే పని చెప్పాలంటే సులువే. రొయ్యల గుంటల్లో చిన్న చిన్న పెట్టెలు పెడతారు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉందో పెట్టె కనిపెడుతుంది. కనిపెట్టి నేరుగా ఎవరికీ చెప్పదు. "దుర్గమ్మ గుంట, ఆక్సిజన్ ఇంత" అని ఆ గదిలోని ఒక ప్రోగ్రాముకు చెబుతుంది. ఆ గుంట కబురు కావాలని ముందుగా పేరు ఇచ్చుకున్నవాళ్ళ ఫోన్లకు ప్రోగ్రాం దాన్ని చేరవేస్తుంది. చెప్పే పెట్టెకు వినేవాడెవడో తెలియదు, వినేవాడికి పెట్టెతో పరిచయం ఉండదు. మధ్యలో ఉన్న ఆ ప్రోగ్రామును వాళ్ళిద్దరూ దళారి అంటారు. రొయ్యల ఊళ్ళో ఇంకేమంటారు? ఈ దళారి కమీషన్ తీసుకోదు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో ఆ కౌంటు మార్చి చెప్పదు, అంతే తేడా. మొత్తం సి భాషలో హెబ్రోను ఒక్కడే రాశాడు.

"మరి పెట్టే చచ్చిపోతే?" అని మొదట్లో రైతులు అడిగేవాళ్ళు.

"చచ్చినోడు వచ్చి, అయ్యా నేను చచ్చినానని చెప్పుకోలేడు గదా" అనేవాడు హెబ్రోను. "అందుకే బతికున్నప్పుడే చెప్పి పెట్టిద్ది."

నిజంగానే ప్రతి పెట్టె దళారితో మాట కలిపేటప్పుడే వీలునామా ఇచ్చేస్తుంది. చెప్పాపెట్టకుండా నా గొంతు ఆగిపోతే, ఫలానా గుంటకు ముప్పు వచ్చిందని అందరికీ చెప్పు అని. పని ముగించుకుని మర్యాదగా పోయొస్తానని చెప్పి పోతే ఆ వీలునామా రద్దు. ఇది హెబ్రోను కనిపెట్టింది కాదు, లోకమంతా వాడుతున్న పద్ధతే. కాకపోతే లోకంలో మిగతావాళ్ళు సాయంత్రం దాన్ని ఆఫీసులో వదిలి ఇంటికి పోతారు. ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంటితో పోతే బాగుండేది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. బయటికి పోతూ పక్కనున్న సంఘపెద్ద చెవిలో, "నేను రాకపోతే చివరి కీర్తన నా వంతు గూడా మీరే పాడాల" అని చెప్పి పోయాడు. వచ్చాడు గానీ వెనక బెంచీలో కూర్చుండిపోయాడు. సంఘపెద్ద మాట తప్పని మనిషి. తన గొంతుతో ఒక చరణం, హెబ్రోను గొంతుతో ఒక చరణం పాడాడు. పాస్టరు గారు ప్రార్థన చేయబోయి నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగారు.

అంతకంటే పెద్ద గొడవ పిచ్చమ్మతో జరిగింది. మేత కొట్టు ఎదురుగా టీ బంకు పిచ్చమ్మది. హెబ్రోను ఎక్కడికి పోయినా ఒక వీలునామా ఆమె దగ్గర ఉండాల్సిందే. ఒకరోజు ఆయన వేరే దారిన ఇంటికి వచ్చి, "వచ్చేసినా" అని ఆమెకు చెప్పడం మరిచిపోయాడు. చెప్పిన గడువు దాటగానే పిచ్చమ్మ బంకు ముందుకొచ్చి, "హెబ్రోను రాలేదహో!" అని కేక పెట్టింది. ఆయన స్నానం చేసి లుంగీ కట్టుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో సగం సంఘం ఉంది. షామియానా వాడు కొలతలు తీసుకుంటున్నాడు.

"వచ్చినోడివి వచ్చినానని చెప్పబళ్ళా?" అని పిచ్చమ్మ ఆయన్ని నాలుగు చీవాట్లు పెట్టింది. అప్పటినుంచి హెబ్రోను ఎక్కడినుంచి వచ్చినా వీలునామా చెప్పిన ప్రతి గుమ్మం ముందూ ఆగి, "వచ్చేసినా!" అని అరిచి మరీ పోతాడు. విడవలూరులో కొందరికి గడియారం అవసరం తప్పిపోయింది.

ఇంతమంది దగ్గర వీలునామాలు పెట్టినవాడు సుశీల్ కుమార్ దగ్గర మాత్రం ఒక్కటీ పెట్టలేదు. భార్యకు ఉంది, టీ బంకుకు ఉంది, కరెంటు పని చేసే మాల్యాద్రికి ఉంది. యజమానికి లేదు. మన సుశీల్ కుమార్‌కు ఇది లోపల గుచ్చుకుంది.

"ఏం అన్నా, నేను పనికిరానా?" అని ఒకరోజు అడిగేశాడు.

"వీలునామాకి ఎవర్ని బడితే వాళ్ళని సాక్షిగా పెట్టకూడదు సారూ" అన్నాడు హెబ్రోను, కీబోర్డు మీదనుంచి కళ్ళెత్తకుండా.

"అయినా దళారి దగ్గర పెట్టెల వీలునామాలు ఉన్నాయి గదా. మళ్ళీ మనుషులకి ఎందుకు?"

"దళారే పోతే వీలునామా ఎవరు చదవాల?"

సుశీల్ కుమార్ పగలబడి నవ్వాడు. దళారి పోవడమేమిటి, పిచ్చి కాకపోతే. అంత మంచి ప్రోగ్రాం. దాన్ని పడగొట్టాలంటే ఎవరో పనిగట్టుకుని కూర్చోవాలి.

ఆ ఎవరో తానేనని ఆయనకు అప్పటికి తెలియదు.

ఆరోజు పొద్దున్నే మబ్బు కమ్ముకుని ఉంది. అట్లాంటి రోజు గుంటల్లో ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. హెబ్రోను కొత్త పెట్టె బిగించడానికి ముత్తుకూరు వైపు బండి మీద బయలుదేరాడు. యథాప్రకారం భార్యకు, పిచ్చమ్మకు, మాల్యాద్రికి వీలునామాలు చెప్పి, పది గంటలకల్లా వస్తానని పోయాడు. గదిలో సుశీల్ కుమార్ ఒక్కడే మిగిలాడు. పిల్లి లేని ఇల్లు ఎలుకకు దొరికినట్టు ఆయనకు కంప్యూటరు దొరికింది. హెబ్రోను కోడు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఒకచోట ఒక లైను కనబడింది. 'ఏ కబురూ రాకపోతే ఏమీ చెయ్యకుండా ముందుకు పో' అని దాని అర్థం.

"ఏమీ చెయ్యకపోవడానికి ఒక లైనా? ఆ పనికి ఈ కంపెనీలో నేనున్నాను గదా" అనుకుని దాన్ని కొట్టేసి, ప్రోగ్రామును మళ్ళీ నడిపించాడు.

కాసేపు బాగానే నడిచింది. తర్వాత ఒక్క క్షణం ఏ పెట్టే మాట్లాడలేదు. రాని కబురును చదవబోయి దళారి కుప్పకూలింది. తెర మీద అంకెలు మాత్రం చివర ఎక్కడున్నాయో అక్కడే నిలబడ్డాయి. ఫోన్లలోనూ అంతే. సుశీల్ కుమార్ ఆ అంకెలను చూసి, నేను ముట్టుకున్నాక ఎంత నిలకడగా ఉన్నాయో అని మురిసిపోయాడు.

పది దాటింది. కింద, "హెబ్రోను రాలేదహో!" అని కేక వినిపించింది. కాసేపటికి పిచ్చమ్మ ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో చక్కెర డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"సారూ, కంప్యూటర్ కాడ్నించి లెయ్యండి."

"ఎందుకు?"

"హెబ్రోను రాకపోతే ముందు మిమ్మల్ని లేపమన్నాడు. తర్వాత టీ ఇమ్మన్నాడు. తాగినాక ఇది ఇమ్మన్నాడు." చక్కెరలో వేళ్ళు పెట్టి కెలికి, పాలిథిన్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ బయటికి తీసింది. "పాత ప్రోగ్రాం దీంట్లో ఉండాదంట. మీరు పెట్టిందాన్ని ఆపి దీన్ని నడిపించాలంట."

"నేనేమీ పెట్టలేదే!"

"అట్టా అంటారని గూడా చెప్పినాడు."

సుశీల్ కుమార్‌కు రోషం వచ్చింది. యజమానిని పట్టుకుని ఏమిటీ మాటలు అని నోరు తెరిచేంతలో ఫోన్ మోగింది. దుర్గమ్మ. మొగుడు పడవ మీద వేటకు పోతాడు, ఆమె గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేసింది. మొదటి పంట తెగులుకు పోయింది. ఇది రెండోది, మర్నాడే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు. ఇది కూడా పోతే గుంట వదిలేసి రొయ్యలు వలిచే కూలికి పోవడమేనని ఊరందరికీ తెలుసు.

"సుశీలన్నా! ఫోన్లో చూస్తే అంతా బాగుందని ఉండాది! నేను నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆపేసినా! గుంటలో రొయ్యలన్నీ పైకి తేలతా ఉండాయి అన్నా!"

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అక్కా, వెంటనే ఏరియేటర్లు..."

"మాల్యాద్రి వచ్చి ఏస్తా ఉండాడు! ఎవరు పిలిచినారో ఏమో!"

ఎవరు పిలిచారో పిచ్చమ్మకు తెలుసు. "హెబ్రోను రాకపోతే దుర్గమ్మ గుంట కాడికి పొమ్మని మాల్యాద్రికి చెప్పి పోయినాడు. ఫోన్లో ఏమున్నా నమ్మకుండా నీళ్ళు చూడమన్నాడు. టీ తాగండి సారూ, చల్లారిపోతా ఉండాది."

సుశీల్ కుమార్ టీ తాగలేదు. చక్కెర అంటిన పెన్‌డ్రైవ్ పెట్టాడు. మొదటిసారి తలకిందులుగా పెట్టాడు. పాత ప్రోగ్రాం లేచింది. లేచీ లేవగానే తెరంతా ఎర్రగా అయింది. దుర్గమ్మ గుంటతోపాటు ఇంకో రెండు గుంటల్లోనూ ఆక్సిజన్ అడుగంటి ఉంది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారిగా కూశాయి. రైతులు గట్ల వెంబడి పరుగెత్తారు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, ఒకో అంకె మెల్లగా పైకి పాకడం చూస్తూ, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న వాక్యాలన్నీ వరుస తప్పి వల్లించాడు. దుర్గమ్మ గుంట అంకె చివరికి పచ్చగా మారింది.

మధ్యాహ్నం అబిగయీలు క్యారేజీ తెచ్చింది. "ఆయన రాకపోతే మీకు అన్నం పంపమని చెప్పినాడు సారూ. కంగారులో మీరు తినరంట." మొగుడు జాడ లేకపోయినా ఆమె నిబ్బరంగానే ఉంది. కాకపోతే గంటలో వీధి వైపు చాలాసార్లు చూసింది.

అంతలో దుర్గమ్మ, మాల్యాద్రి బురద కాళ్ళతో వచ్చారు.

"నాలుగు రొయ్యలు పోయినాయి, తక్కినవన్నీ బతికినాయి. అది సరే, తప్పుడు అంకె ఎందుకొచ్చింది?" అని దుర్గమ్మ నడుం మీద చేతులు వేసుకుంది.

మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు. "హెబ్రోనన్న ఇంకో మాట చెప్పి పోయినాడు. ఏం ఆగినా తప్పు తనదేనంట. సారు మీద అరవొద్దంట."

తప్పించుకోవడానికి అంతకంటే మంచి దారి ఉండదు. సుశీల్ కుమార్ ఆ దారి వైపు ఆశగా చూశాడు కూడా. తర్వాత ఆ క్యారేజీ వైపు, చక్కెర డబ్బా వైపు చూశాడు. సిగ్గేసింది. ఇంతమంది తనను మోస్తుంటే తానే నడుస్తున్నానని అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

"లేదు దుర్గక్కా. తప్పు నాది. ఒక లైను కొట్టేసినా."

దుర్గమ్మ ఆశ్చర్యపోలేదు. "తెలుసులే అన్నా."

"తెలుసా?"

"పోయినేడు ఫోన్లు మోగకపోతే గూడా తప్పు తనదే అన్నాడు గదా హెబ్రోనన్న. చేసింది నువ్వేనని అప్పుడే తెలిసింది. ఊరందరికీ తెలుసు."

పిచ్చమ్మ, అబిగయీలు, మాల్యాద్రి ముగ్గురూ తలలూపారు. ఆ గదిలో ఆ కబురు అందని మనిషి ఆయనొక్కడే.

సాయంత్రం ఒక ట్రాక్టరు బంకు ముందు ఆగింది. నిలువెల్లా బురదతో హెబ్రోను దిగాడు. బండి జారి కాలవ గట్టు కింద పడిందట, ఫోను నీళ్ళపాలయిందట, కాలు బెణికిందట. కుంటుకుంటూ వచ్చి ముందు బంకు దగ్గర, "వచ్చేసినా!" అన్నాడు.

"ఇప్పుడా? అన్నీ చెప్పేసినాం" అంది పిచ్చమ్మ.

హెబ్రోను ముఖం మాడిపోయింది. "అన్నీనా?"

అబిగయీలు మెట్లు దిగి వచ్చి, "కళ్ళద్దాలు ఫ్రిజ్ మీద లేవు" అని, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

సుశీల్ కుమార్ దగ్గరికి వచ్చాడు. ఏదేదో చెప్పాలనుకుని, "నా పేరుమీద ఇన్ని వీలునామాలు రాసి నాకొక్కటన్నా చెప్పకపోతివే అన్నా" అన్నాడు.

హెబ్రోను బురద తుడుచుకుంటూ నేల చూపులు చూశాడు. "ఆస్తి ఎవరికి రాసినామో ఆయన్నే సాక్షిగా పెడితే వీలునామా చెల్లదు గదా సారూ."

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం హెబ్రోను గుంటల మీదికి పోయాడు. సుశీల్ కుమార్ ఫోను రీచార్జికని మెట్లు దిగి, బంకు దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటి వీలునామా.

"పిచ్చమ్మా, నేను పావుగంటలో రాకపోతే హెబ్రోను అన్నకి ఒక మాట చెప్పు. ఈరోజు నేను కోడు ముట్టుకోలేదని చెప్పు."

పిచ్చమ్మ టీ వడగడుతూ ఆయన ముఖంలోకి చూసింది. "ఒట్టేనా?"

సుశీల్ కుమార్ అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఒక్క లైనే."

పిచ్చమ్మ మారు మాట్లాడకుండా చక్కెర డబ్బా మూత తీసింది.