నేను గీసిన ఫుట్‌పాత్

మా ఆఫీసు ఫిల్మ్ నగర్లో ఒక మేడ మూడో అంతస్తులో ఉండేది. కింద రెండంతస్తులూ సినిమా ఆఫీసులు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ "ఏ సినిమాకి చేస్తున్నారండీ?" అని అడిగేవాళ్ళు. "బస్సు" అనేవాణ్ణి. "హారరా?" అన్నాడొకాయన. అప్పటికి నాకూ కచ్చితంగా తెలీదు కాబట్టి కాదనలేకపోయాను.

మేం డిజైను చేస్తున్నది సిటీలో తిరగాల్సిన హైబ్రిడ్ బస్సు. డీజిలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి పట్టుకుని, మళ్ళీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. మన ఊళ్ళో బ్రేకులకి కరువు లేదు గనక ఈ బస్సుకి తిండికి లోటుండదని అందరం అనుకున్నాం. దానికి తోడు ఇది లో-ఫ్లోర్. అంటే ఎక్కడానికి మెట్లుండవు. మామూలు బస్సు ఫ్లోరు కింద ఇంజను దగ్గర్నించి ట్యాంకు దాకా ఒక ఉమ్మడి కుటుంబం కాపురం ఉంటుంది. వాళ్ళందర్నీ ఖాళీ చేయించి, ఇంజన్ని వెనక్కీ బ్యాటరీల్ని టాపు మీదికీ పంపితేనే ఫ్లోరు కిందికి దిగుతుంది. ఆ ఖాళీ చేయించే పని పెద్దవాళ్ళది. నాకిచ్చింది ముందు తలుపు, అందులోంచి బయటికి వాలే ర్యాంపు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి గడప దగ్గర తేలానన్నమాట.

ఆ గడప మీద మా మేనత్త ఆశ పెట్టుకుంది. పెట్టించింది నేనే.

అత్త కృష్ణానగర్లో ఒక గదిలో ఉంటుంది. నాకు ఊహ తెలిసేనాటికి ఆవిడ గ్రూపు డాన్సరు. మూడో వరసలో ఎడమ చివర. టీవీలో పాట వస్తుంటే "అదిగో, అది నా మోచెయ్యి" అని చూపించేది. ఆ మోచెయ్యి ఇప్పటికీ దివ్యంగా ఉంది. పోయింది మోకాళ్ళు. డాన్సు మానేశాక కాస్ట్యూములు కుట్టే షెడ్డులో చేరింది. షెడ్డు మొదట వాళ్ళ వెనక సందులోనే ఉండేది, తర్వాత ఫిల్మ్ నగర్ దాటించి టోలిచౌకి దగ్గరికి మార్చారు. బస్సులో మొదటి మెట్టు ఆవిడ మోకాలెత్తుంటుంది. బైకు మీద కాలు మడవలేదు. రోజూ రానూపోనూ ఆటో అంటే, ఆవిడ కుట్టేదంతా ఆ ఆటోలకి సీటు కవర్లు కుట్టినట్టే.

షెడ్డు మాస్టరు మంచివాడు. "దసరా దాకా మీ మెషిన్ ఎవరికీ ఇవ్వనమ్మా. అప్పటికీ రాలేకపోతే మెషిన్ ఇంటికే పంపిస్తా, హాయిగా అక్కడే కుట్టుకుందురుగాని" అన్నాడు. ఆయన దృష్టిలో అది దయ. అత్త దృష్టిలో అది ఒంటరి ఖైదు. ఆ షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు కూర్చుని, ఏ హీరోయినుకి ఎక్కడ గుడ్డ పొదుపు చేశారో, ఎవరి మొగుడు ఏం కూశాడో పొద్దున్నించి సాయంత్రం దాకా చెప్పుకుంటారు. అత్తకి అదే భోజనం. కుట్టుపని నంజుకోడానికి.

"ఫికరు పడకత్తా. మా బస్సు తయారవగానే నెల్లాళ్ళు జనంతో నడిపి చూడబోతున్నాం. మీ కృష్ణానగర్ నించి టోలిచౌకికే. మెట్టనేదే ఉండదు. నీ అంతట నువ్వే ఎక్కుతావు, నీ అంతట నువ్వే దిగుతావు" అన్నాను.

"చిన్నప్పుడు నన్ను సైకిలు వెనకాల కూర్చోబెట్టుకున్నప్పుడూ ఇలాగే చెప్పావురా, బ్రేకులున్నాయని" అంది అత్త. అయినా నమ్మింది. మాస్టరుకి ఫోన్ చేసి, "మా మేనల్లుడు నాకోసం బస్సు చేయిస్తున్నాడండీ, మెషిన్ మీద దుమ్ము పడనివ్వకండి" అని కూడా చెప్పింది.

అసలు బస్సు తయారయ్యే ముందు చెక్కతో నిలువెత్తు నమూనా కట్టి చూసుకోవాలి. వేరే ఊళ్ళో అయితే కార్ఖానాలో కడతారు. మేం ఉన్నది ఫిల్మ్ నగర్. సెట్లు వేసేవాళ్ళు పిలిస్తే పలికే దూరంలో ఉండగా వేరేవాళ్ళెందుకని మా సారు ఒక సెట్ మేస్త్రిని పిలిపించారు. మేస్త్రి నా డ్రాయింగు తిప్పితిప్పి చూసి అడిగాడు:

"కెమెరా ఏ పక్క పెడతారు సార్?"

"కెమెరా లేదు."

"మరి చూసేదెవరు?"

"మా సారు."

"ఆయన ఏ పక్క నించుంటారు?"

తలుపున్నది ఎడమ పక్క కాబట్టి ఎడమ పక్క అన్నాను. అందుకని బస్సుకి ఎడమ పక్క మాత్రమే కట్టాడు. కుడివైపు నాలుగు వాసాలు ఆనించాడు. వారం తిరక్కుండా ఒక స్టూడియో ఫ్లోర్లో బస్సు లేచి నించుంది. రివెట్లు కూడా రంగుతో వేశారు.

అంతవరకూ బాగానే ఉంది. నా డ్రాయింగులో బస్సు పక్కన ఒక చిన్న గీత ఉంది. ఫుట్‌పాత్. ఆరంగుళాల ఎత్తు, నున్నగా, తిన్నగా. బస్సు గీసినప్పుడు పక్కన ఫుట్‌పాత్ గియ్యడం మాకు అలవాటు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. కాగితం మీదున్నది కట్టడం మేస్త్రి అలవాటు. ఫుట్‌పాత్ కూడా కట్టేశాడు. కొత్తగా ఉంటే నమ్మబుద్ధి కాదని మట్టి రంగు పూసి, అంచుల్లో రెండు పాన్ మరకలు కూడా వేయించాడు. బస్సుని దానికి బెత్తెడు దూరంలో మేకులతో బిగించాడు. మేకులతో బిగించిన బస్సు కాబట్టి స్టాపుకి దూరంగా ఆగే అవకాశం దానికి లేదు.

ఎక్కి చూడ్డానికి అత్తని తీసుకొచ్చాను. చేసంచీ నాకిచ్చి ఫుట్‌పాత్ మీద నించుంది. దాని మీదికెక్కడానికి మేస్త్రి వెనకవైపు వాలు కట్టించిపెట్టాడు, పెద్దావిడ వస్తున్నారని. తలుపు వంక ఒకసారి చూసి అడుగేసింది. అంతే. లోపలుంది.

"ఇది బస్సా, మనింటి వసారానా?" అంది.

కిటికీ పక్కన కూర్చుంది. "ఒరే, ఆ పక్క గోడ లేదేంట్రా?"

"గాలి కోసం అత్తా."

దిగింది. మళ్ళీ ఎక్కింది. నాలుగుసార్లు ఎక్కి దిగింది. నాలుగోసారి కమ్మీ పట్టుకోలేదు. మా సారు వీడియో తీస్తూ "ఎక్సలెంట్, ఎక్సలెంట్" అంటున్నారు. పక్కన సెట్లోవాళ్ళు షాటు ఆపి చూశారు. నేను అటు తిరిగి, రంగుతో వేసిన రివెట్లని కాసేపు పరిశీలించాను. ఇంజనీరన్నవాడు అప్పుడప్పుడు రివెట్లు పరిశీలించాలి.

ఆ స్టూడియోలో అంతమంది చదువుకున్నవాళ్ళం ఉన్నాం. కృష్ణానగర్లో ఇలాంటి ఫుట్‌పాత్ ఎక్కడుంది అని ఒక్కడూ అడగలేదు. అత్త కూడా అడగలేదు. ముప్ఫయ్యేళ్ళు సెట్లలో బతికిన మనిషి. ఆవిడకి ఆ మరకలు మామూలుగానే కనిపించాయి.

శ్రావణంలో అసలు బస్సొచ్చింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. కింది అంతస్తువాళ్ళు ముచ్చటపడి క్లాపు బోర్డు కూడా తెచ్చి కొట్టారు. నడపడానికి సిటీ బస్సుల్లో రిటైరైన ఒక డ్రైవరన్న వచ్చాడు. ఆయన బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందికి చూసి, నన్ను పిలిచాడు.

"సార్, గిది బస్సా, పామా? పొట్ట నేలకానుతుంది. ఈ రూట్ల స్పీడు బ్రేకర్లు ఎన్నున్నయో ఎరుకేనా?"

"గాలితో పైకి లేపుకోవచ్చన్నా. స్టాపులో మళ్ళీ దించొచ్చు, ఎడమ పక్కకి వంగుతుంది కూడా. అదిగో ఆ మీట."

"మంచిగుంది. లేపుడు, దించుడు, వంగుడు. మరి నడుపుడు ఎప్పుడు?"

మొదటిరోజు పొద్దున తలుపు దగ్గర నేను నించున్నాను. అత్త తొమ్మిదింటికే స్టాపుకి వచ్చేసిందని ఫోనొచ్చింది. డిపో నించి అక్కడికి చేరేలోపే, గాలితో లేపినా సరే, మూడుచోట్ల బస్సు పొట్ట స్పీడు బ్రేకరుకి రాసుకుంది. ఆ చప్పుడు ఎలా ఉంటుందంటే, మనం కన్న బిడ్డని ఎవరో పలక మీద గీరుతున్నట్టుంటుంది. రాసుకున్న ప్రతిసారీ డ్రైవరన్న అద్దంలోంచి నా వంక చూశాడు.

స్టాపు వచ్చింది. అంటే మేం స్టాపు ఉన్న వరసకి వచ్చాం. స్టాపుకీ మాకూ మధ్య వరసగా ఆటోలు, వాటికి ముందు ఇడ్లీ బండి, బండి చుట్టూ నించుని తింటున్న జనం, వాళ్ళ బైకులు ఉన్నాయి. బస్సు నడిరోడ్డు మీదే ఆగింది. ఫుట్‌పాత్ అనదగ్గది అక్కడొకటుంది. మురిక్కాలవ మీద వేసిన పలకలు, అత్త మోకాలెత్తున, రెండు పలకలకి ఒక పలక లేకుండా. దాని మీదికెక్కలేక అత్త కిందే, బండి పక్కన నించునుంది. ఇస్త్రీ చీర. చేతిలో సంచీ, అందులో క్యారియరు. నన్ను చూసి చెయ్యూపి, బైకుల మధ్యలోంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది.

బస్సు బుస్సుమని ఎడమకి వంగింది. నా ర్యాంపు బయటికొచ్చింది. ఆరంగుళాల ఫుట్‌పాత్ మీద వాలాల్సిన ర్యాంపు, ఫుట్‌పాత్ లేక రోడ్డు దాకా పోయి, పిల్లల పార్కులో జారుడుబల్లలా నించుంది. అత్త దాని మీద కాలు పెట్టింది. మోకాలు ఒప్పుకోలేదు. రెండో కాలు పెట్టి చూసింది. అదీ ఒప్పుకోలేదు. కమ్మీ అందుకోబోయింది, నమూనాలో అందిన కమ్మీ ఆరంగుళాలు పైకి పోయింది.

వెనకాల హారన్లు మొదలయ్యాయి. బస్సులో ఉన్న కుర్రాళ్ళు ఇద్దరు, చూస్తేనే తెలుస్తుంది వేషాల కోసం వచ్చినవాళ్ళని, కిందికి దూకి "ఆంటీ, చెరో పక్కా పట్టి ఎత్తేస్తాం, టెన్షన్ పడకండి" అన్నారు.

"వద్దు బాబూ. నన్నెత్తాలంటే మంచి మంచి హీరోలకే నడుం పట్టేసింది" అంది అత్త. కుర్రాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. కాలు మాత్రం వెనక్కి తీసుకుంది.

"అమ్మా, జర చెయ్యియ్యి, గుంజుతరు. ఎనక చూడు, ఎంత దూరం ట్రాఫిక్ ఆగిందో" అన్నాడు డ్రైవరన్న. పాపం ఆయన గొంతులో విసుగు లేదు.

"వద్దు నాయనా" అని, నా వంక చూసింది. "నువ్వెళ్ళరా. జనం ఆఫీసులకి పోవాలి."

నేను దిగి ఉండాల్సింది. దిగి ఏం చేసేవాణ్ణో తెలీదు. ఆ ఆలోచనలో ఉండగానే ర్యాంపు లోపలికొచ్చింది, తలుపు మూసుకుంది. చప్పుడు కాకుండా, ఎవరి వేళ్ళూ నలక్కుండా మూసుకునేలా దాన్ని ఆరు నెలలు కష్టపడి డిజైను చేశాను. అద్దంలోంచి అత్త కనిపించింది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, బైకుల మధ్యలోంచి వెనక్కి దారి వెతుక్కుంటోంది.

మర్నాడు తెల్లారగానే వెళ్ళి ఇడ్లీ బండాయన్ని బతిమాలాను. ఆయన చట్నీ పోస్తూనే విన్నాడు. "సార్, నేను పదిహేనేండ్ల సంది గీడనే ఉన్న. మీ బస్సు నిన్ననే వచ్చింది" అన్నాడు. అయినా జాలిపడి మూడోరోజు బండి పక్కకి లాక్కున్నాడు. ఖాళీ అయిన చోట్లోకి నాలుగు ఆటోలొచ్చాయి. ఫుట్‌పాత్ సంగతి అడగడానికి ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. అక్కడ, "మీ బస్సు చాలా బాగుందండీ, పేపర్లో చూశాం" అని టీ ఇప్పించి పంపారు.

నెల తిరిగాక మీటింగు పెట్టారు. తెర మీద బస్సు పొట్ట ఫొటోలు వేశారు, అన్నీ గీతలే.

"ఫ్లోరు కొంచెం లేపుదాం. మార్జినల్‌గా. ముందు తలుపు దగ్గర ఒక స్టెప్పు ఇచ్చేద్దాం" అన్నారు సారు.

"స్టెప్పు ఇస్తే లో-ఫ్లోర్ ఎలా అవుతుంది సార్?"

"సెమీ లో-ఫ్లోర్ అవుతుంది. ఉంది కదా అలాంటి కేటగిరీ."

"ఫుట్‌పాత్ ఒక్కటి సరిగ్గా ఉంటే సార్..."

"ఫుట్‌పాత్ మన స్కోప్‌లో లేదు కదమ్మా."

"డ్రాయింగులో ఉంది సార్."

"తీసెయ్."

తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. దాని చోట మెట్టు గీశాను. కింద, 'గీసినవారు' అని ఉన్న గడిలో నా సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టనంటే ఇంకొకరు పెడతారు, ఎవరూ పెట్టకపోతే బస్సే రాదు, వస్తే సగంమందికైనా పనికొస్తుంది. ఈ మూడూ నాకు తెలుసు. మూడూ నిజాలే. వాటిని వరసగా చెప్పుకుంటూ రెండురోజులు అత్త ఫోను ఎత్తలేదు.

దసరా వెళ్ళిన మూడోరోజు మెషిన్ ఆటోలో వచ్చింది. మాస్టరు దయగలవాడని ముందే చెప్పాను. నూనె వేయించి, కొత్త బెల్టు కూడా బిగించి పంపాడు. నేనూ ఆటో అతనూ చెరో పక్కా పట్టి గదిలోకి తెచ్చాం. వెలుతురుంటుందని కిటికీ దగ్గర పెట్టించాను.

అత్త స్టూలు మీద కూర్చుని, చక్రం ఒకసారి ఉత్తినే తిప్పింది. ఆ చిన్న గదిలో అది చాలా పెద్ద చప్పుడు.

"బాగుందిరా. వాళ్ళ మాటల్లో పడి దీనికింత చప్పుడుందని ఇన్నాళ్ళూ తెలీలేదు" అంది.

"ఆదివారాలు నేనొచ్చి కూర్చుంటాలే అత్తా."

"నువ్వా?" అంది. "నీకు హీరోయిన్ల గురించి తెలీదు, మొగుళ్ళ గురించి తెలీదు. ఏం మాట్లాడతావు?"

తెలిసింది బస్సుల గురించి. ఆవిడ ఒక చేతిసూది తీసి కిటికీ వైపు పెట్టి, "కాస్త ఇందులో దారం ఎక్కించు" అంది. ఎక్కించడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ తొందర పెట్టలేదు.