డిస్కు బ్రేకులకు అడ్డం పడిన ఒంటి తుమ్ము

"గిప్పుడన్న నిజం చెప్పు, డిస్కులంటెనే నీకు తుమ్మెందుకు వచ్చేది?" అని అడిగాడు మా ఆయన.

"నా ముక్కు నా మాట ఇంటదా? చాయ్ సల్లారుతాంది, తాగు," అన్నాను.

తాగాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. నిద్రలోనే పోయిండు, అదృష్టవంతుడని తొర్రూరంతా అన్నది. తాగింది ఆయన, ఆ చాయ్ ఇన్నేళ్లుగా అడ్డం పడింది మాత్రం నా గొంతులో.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెబుతుంటే మా మరిది కోడలు రాస్తున్నది.

మా ఆయనకు లారీ ఉండేది. భూపాలపల్లిలో బొగ్గు ఎత్తుకుని ఇటు మరిపెడ దాకా, అటు జనగామ దాకా ఇటుక బట్టీలకు పోసేవాడు. ఇంటికి ఎప్పుడు వచ్చేవాడు? వెనక బ్రేకుల్లో చక్రాన్ని ఒరిసి ఆపే లైనర్లు అరిగినప్పుడు. ఆ బ్రేకు డోలులాగా మూసి ఉంటుంది, డ్రమ్ము అంటారు. దాన్ని విప్పి కొత్త లైనర్లు వేయడానికి ఆయన నమ్మే మేస్త్రీ మా గల్లీలోనే ఉన్నాడు. చక్రాలు విప్పితే రెండు రోజుల పని. ఆ రెండు రోజులు నాకు మొగుడు ఉండేవాడు. కోడిని కోసేదాన్ని. లైనర్లు అరగడమే నాకు పండుగ.

అలాంటిది, ఒకనాడు నవ్వుకుంటూ వచ్చాడు. వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయిస్తాడట. డిస్కంటే పళ్లెంలాంటి ఇనుప చక్రమట, బయటికే ఉంటుందట, గాలి తగిలి తొందరగా చల్లారుతుందట, దిగుడు దారిలో మోసం చేయదట.

"దీనికి లైనర్లకు బదులు ప్యాడ్లుంటయి, అరిగితె యాడ ఆగితె ఆడనే మార్చుకోవచ్చు. ఊకె ఇంటికి ఉరికొచ్చుడు తప్పుతది," అన్నాడు. నాకు మంచి కబురు చెబుతున్నాననే అనుకున్నాడు, పిచ్చి మనిషి.

బొగ్గు దుమ్ములో, బురదలో తిరిగే బండికి డ్రమ్మే మేలు, డిస్కులు దండగ ఖర్చన్నాడు మా మేస్త్రీ. దిగుడు దారికి డిస్కే మేలన్నారు అవి వేసే వరంగల్ షెడ్డువాళ్లు. ఎవరిది నిజం? నేను వినలేదు. నాకు వినిపించింది ఒక్కటే, ఇంటికి రావడం తప్పుతుందని.

ఒంటి తుమ్ము ఆపుతుంది, జంట తుమ్ము సాగనంపుతుంది. మా ఆయన ఎవరినైనా ఎదిరించేవాడు గాని ఒంటి తుమ్మును దాటేవాడు కాదు. షెడ్డుకు బయలుదేరుతుంటే నేను కొంగు కొసన చిటికెడు కారం పెట్టుకుని వాసన చూశాను. తుమ్మాను. రెండోది రాకుండా ముక్కు గట్టిగా పట్టుకున్నాను. ఆయన చెప్పులు విప్పి, మంచినీళ్లు అడిగి కూర్చున్నాడు. మళ్లీ బయలుదేరినప్పుడల్లా అంతే. ఒకసారి పట్టు తప్పి రెండు వచ్చాయి. ఆయన సంబరంగా గడప దాటబోయాడు. మూడోది రప్పించి మళ్లీ ఒంటి లెక్క చేయడానికి నేను పడ్డ పాట్లు నా ముక్కుకే తెలుసు. చివరికి డిస్కులు మనకు అచ్చిరావని తేల్చేశాడు.

నోటితో నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. ముక్కుతో ఆడితే పాపం కాదా?

తర్వాత ఒక ఎండాకాలం, మరిపెడ దగ్గర నిండు లోడుతో దిగుతుంటే డ్రమ్ములు వేడెక్కి పొగలు వచ్చాయి. తొక్కినా బ్రేకు పట్టలేదు. రోడ్డు దింపి పక్కకు తోలాడు. అది మిర్చి ఆరబోసిన కళ్లం. లారీ మిర్చి కుప్పలో దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని అక్కడున్న వాళ్లంతా, ఈయనతో సహా, పొద్దుగూకేదాకా తుమ్మారట. ఎర్రటి కళ్లతో ఇంటికొచ్చాడు.

"ఒక్క తుమ్ముకే ఆగినోన్ని. ఊరంత తుమ్మినంక ఇగ డిస్కుల పేరెత్తుతనా?" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నవ్వాను. నవ్వి వంటింట్లోకి పోయాను. రెండు రోజుల మొగుడి కోసం మొత్తానికే మొగుణ్ని పోగొట్టుకునేదాన్ని కదా అని ఏడ్చాను. అయినా చెప్పలేదు. ఎందుకంటే ఆ దెబ్బకు లారీ వారం రోజులు గల్లీలోనే ఉన్నది, ఆ వారం నేను సంతోషంగా ఉన్నాను. ఇది ఇంకా పెద్ద తప్పు. దీన్ని కూడా రాయమన్నాను.

ఇప్పుడు ఆ లారీ మా మరిది కొడుకు తోలుతున్నాడు. అదే బొగ్గు, అదే దిగుడు. వాడికీ డిస్కులు వేయించాలని ఉన్నది.

"పెద్దమ్మా, డిస్కులు మనింటికి అచ్చిరావంట గద?" అని మొన్న అడిగాడు. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. పక్కనే వాడి పెళ్లాం, ఇది రాస్తున్న ఈ కోడలు ఉన్నది. ఆమె ముఖం చూశాకే పెన్ను పట్టమన్నాను.

వేయించాలో వద్దో నాకు తెలియదు. లోడెంత, దారి ఎట్లాంటిది, మేస్త్రీలను అడిగి చూసుకోవాలి. నా ముక్కును మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. బ్రేకుల సంగతి దానికేం తెలుసు?

క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి లేడు. చెప్పాను, అంతే. గుండె కొంచెం తేలికైంది.

పెన్నెందుకు ఆపినవ్ బిడ్డా? తిట్టాలనుంటే తర్వాత తిట్టు. ముందుగాల రాసిందంత మొదటికెళ్లి నాకు చదివి వినిపియ్యి. బయట నీ మొగడు బండి కడుగుతుండు, ఆనికి గూడ ఇనబడేటట్టు జర గట్టిగ చదువు.