సెట్టు విడదీయని మనిషి

మా బావ పంపులు తయారుచేసే కర్మాగారంలో స్టోర్ కీపర్. ఆ స్టోర్‌లో లేని వస్తువు లేదు, దొరికే వస్తువూ లేదు. ఎవరైనా ఫిట్టర్ కిటికీ దగ్గరికొచ్చి కొత్త చేతి తొడుగులు అడిగితే ముందు పాతవి తెచ్చివ్వమంటాడు. పాతవి మిషన్లో పడి నుజ్జయిపోయాయంటే ఆ నుజ్జే తెమ్మంటాడు. అరలన్నీ నిండుగా ఉంటే తన కడుపు నిండినట్టుంటుంది ఆయనకు. పనివాళ్ళు ఆయనకు ‘తాళంగారు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. గౌరవమనుకుంటున్నాడు.

ఆయనకొక సిద్ధాంతం ఉంది. సెట్టు విడదీయకూడదు. బోల్టుతో నట్టు వెళ్ళాలి, నట్టుతో వాషర్ వెళ్ళాలి. వాషర్లు అయిపోతే బోల్టు కూడా ఇవ్వడు. మిషన్ ఆగిపోయి మేనేజరు స్వయంగా వచ్చి అరిచిన రోజున కూడా, విడదీస్తే మిగిలింది ఎందుకు పనికొస్తుందండీ అని చల్లగా అడిగాడట. మేనేజరు దగ్గర జవాబు లేకపోయింది. ఉంటే మా అక్క బతుకు ఇంకోలా ఉండేదేమో.

అక్క బట్టలుతికే దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దస్తమానం నిలబడి పరాయివాళ్ళ చొక్కాల మడతలు సరిచేస్తుంది. ఆ దుకాణం వెనక కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. కొండమీద చెరువుంది, వేసవిలో జనం అక్కడ డేరాలు వేసుకుని ఉంటారు. తను కూడా ఒక్క రాత్రి అక్కడ, ఆయన పక్కన, ఆకాశం చూస్తూ పడుకోవాలని అక్క కోరిక. పెళ్ళయ్యాక మొగుణ్ణి ఆమె నోరు తెరిచి అడిగింది నాకు తెలిసి అదొక్కటే.

బావ వెంటనే ఒప్పుకున్నాడు. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. ఏర్పాట్లు మాత్రం పకడ్బందీగా ఉండాలన్నాడు. ఆ ఏర్పాట్లు వేసవి తర్వాత వేసవిని మింగేశాయి.

మొదట డేరా వచ్చింది. దాన్ని పరీక్షించడానికి ముందు గదిలోనే వేశాడు. సోఫా గోడకు నిలబడింది, డేరా తాళ్ళు కిటికీ చువ్వలకు, గ్యాస్ సిలిండర్‌కు, నా మేనకోడలి చదువుకునే బల్లకు కట్టబడ్డాయి. ప్లాస్టిక్ వాసన పోయేదాకా ఉండనీ అన్నాడు. నెలంతా ఉంది. చూడవచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, వంగి, డేరాలో దూరి టీ తాగి వెళ్ళేవాళ్ళు. తర్వాత గాలి పరుపు వచ్చింది, గాలి కొట్టడానికి పంపు వచ్చింది, ఆ పంపు చెడిపోతే ఎలా అని ఇంకో పంపు వచ్చింది. దోమతెర, వానకు టార్పాలిన్, మంట లేస్తే ఆర్పడానికి సిలిండర్, తప్పిపోతే ఊదుకోవడానికి ఈల. ఆలూ లేదు చూలూ లేదన్న సామెత మా అక్క ఇంట్లోనే పుట్టి ఉండాలి.

ఒకరోజు అక్కకు ఇస్త్రీపెట్టె తగిలి చెయ్యి కాలింది. ప్రయాణానికి కొన్న మందుల పెట్టెలో కాలినగాయాల ఆయింట్‌మెంట్ ఉంది. పెట్టెకేసిన సీలు తీస్తే మళ్ళీ వేయడం కష్టమన్నాడు బావ. అక్క బొబ్బలెక్కిన చేత్తో వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు.

ఆ తర్వాత అక్క మోకాళ్ళ సంగతి బయటపడింది. నిలబడి నిలబడి రెండూ అరిగిపోయాయని, ఆపరేషన్ చేస్తే చదునునేల మీద బాగానే నడుస్తారని, కొండలెక్కడం మాత్రం ఇక మరిచిపోవాలని డాక్టరు చెప్పింది. బావ పక్కనే కూర్చుని తలూపాడు. ఆపరేషన్ లోపు ఒక్కసారి వెళ్ళొద్దామండీ అని అక్క ఇంటికొచ్చి అడిగింది. బావ కరిగిపోయాడు. కరిగిపోయి, సరాసరి బజారుకెళ్ళి, మోకాళ్ళకు సుఖంగా ఉంటుందని మడత కుర్చీ కొనుక్కొచ్చాడు. దానికి ఎండ తగలకుండా గొడుగు, గొడుగుకు స్టాండు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టిపోసి ఊరుకునేదాన్నని అక్కే అంటుంది.

చివరికి ఆపరేషన్ ఇక వారముందనగా బయల్దేరాం. నేను బడి పిల్లల వ్యాన్ నడుపుతాను. సామాను పట్టడానికి వెనక సీట్లన్నీ ఊడదీశాం. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని అంటారు. మా బావ పిల్లితో పాటు దాని పాలగిన్నెను, గిన్నెమీద మూతను కూడా ఎక్కించాడు.

కొండ కింద రోడ్డు ఆగిపోయింది. అక్కణ్ణించి కాలిబాటే. పాము, పిడుగు, జ్వరం, దొంగ, అన్నిటికీ విరుగుడు తెచ్చిన మనిషి, ఆ తెచ్చినదాన్ని ఎవరో మోయాలన్న ముక్క ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేను డేరా, నీళ్ళు, టార్చిలైటు, మందులు చాలన్నాను. పైన కాపలాదారు ఉన్నాడు, పిల్లలతో వచ్చిన కుటుంబాలున్నాయి, వాన సూచన లేదు. బావ నన్ను ఫిట్టర్‌ని చూసినట్టు చూశాడు. టార్పాలిన్ లేకుండా డేరా ఎలా వెళ్తుందన్నాడు. పరుపు లేకుండా డేరా ఎందుకన్నాడు, పంపులు లేకుండా పరుపు ఎందుకన్నాడు. పోనీ నాలుగు విడతలుగా మోస్తానంటే, కింద మిగిలినదానికి కాపలా ఎవరన్నాడు. అలా అంటూనే ఒక సామాను పెట్టెమీద కూర్చున్నాడు.

పొద్దు వాలుతోంది. అక్క కొండవైపు చూసి, దుప్పటి ఒక్కటైనా ఇవ్వమంది. అది స్లీపింగ్ బ్యాగ్ సెట్టులోదన్నాడు.

అక్క ఆయన ముందుకెళ్ళి నిలబడింది. "మీరు రండి చాలు. ఇవన్నీ ఇక్కడే వదిలేసి రండి" అంది.

బావ కొండను చూశాడు. తర్వాత సామాను చూశాడు.

"మరి ఇదంతా?" అన్నాడు.

అక్క కొండవైపు తిరిగింది. నేను వ్యాన్ సీటుమీద పరిచే పాత దుప్పటి దులిపి భుజాన వేసుకున్నాను. వ్యాన్‌లో ఉండే నా నీళ్ళసీసా, టార్చిలైటు తీసుకుని ఇద్దరం బయల్దేరాం. నాలుగడుగులు వేసి ఒక రాయిమీద కూర్చుంటూ, నా భుజం పట్టుకుని లేస్తూ, అక్క ఒక్క మూలుగు కూడా లేకుండా ఎక్కింది. పైకి చేరేసరికి ఇంకా కాస్త వెలుతురుంది. అక్క చెరువు వైపు కాకుండా కొండ అంచుకు వెళ్ళి చాలాసేపు కిందికి చూస్తూ నిలబడింది. పక్క డేరా వాళ్ళు మంట దగ్గర చోటిచ్చారు. అక్క దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకుంది. నక్షత్రాలు చూస్తూ నవ్వింది, కాసేపటికి ఏడ్చింది. నేను చూడనట్టు నటించాను.

పొద్దున దిగి వచ్చేసరికి బావ కునుకు లేని కళ్ళతో ఎదురొచ్చాడు. సామానంతా టార్పాలిన్ కింద పదిలంగా ఉంది. దోమలు కుట్టాయా, చలేసిందా, కాలు జారలేదు కదా అని అక్కను ఆత్రంగా అడిగాడు. అడిగిన తీరులో ప్రేమ ఉంది, కాదనను.

"నిన్న పైనుంచి చూస్తే మన సామానంతా కనిపించిందండీ. మీరే కనిపించలేదు" అంది అక్క.

బావ ఆలోచనలో పడ్డాడు. తన బూడిదరంగు చొక్కాను కిందికీ పైకీ చూసుకున్నాడు.

"నిజమే. వచ్చేసారికి రేడియం పట్టీలున్న చొక్కా ఒకటి కొనుక్కుంటాను" అన్నాడు.

ఏ వచ్చేసారి అని అడగడానికి నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది.