పాము ఎక్కడుంది?

మా బడిలో ఆయన్ని అందరూ పాముల మాస్టారు అనేవాళ్ళు. పాములు పట్టడం మాట అటుంచి, వానపామును చూసినా నాలుగడుగులు వెనక్కి వేసే మనిషి. ఆయన చెప్పేది ఇంగ్లీషు. నేను చెప్పేది లెక్కలు. ఇద్దరి గదులకీ మధ్య ఒక చెక్క గోడ. ఒకప్పుడది ఒకటే హాలు. పిల్లలు ఎక్కువయ్యాక నడుమ ప్లైవుడ్ కొట్టించి, ఇవి రెండు గదులు అన్నారు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆ గోడకి నోరు కూడా ఉండేది. నేనిటు భిన్నాలు చెబుతుంటే, అటునుంచి "పాము ఎక్కడుంది?" అని ఒక గొంతు, "ఇదిగో, ఇక్కడుంది!" అని నలభై గొంతులు. బంతి వచ్చి గోడకి తగిలేది. నా క్లాసులో సగంమంది చెవులు అటే ఉండేవి. నాకు కోపం త్వరగా వస్తుంది, త్వరగా పోదు.

ఆ ఆట సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో పిల్లులు చాలా ఉంటే చివర ఎస్ పెడతారు, బాగానే ఉంది. ఒక్క పిల్లే పరిగెత్తితే మాత్రం ఆ ఎస్ పిల్లిని వదిలి పరుగుని పట్టుకుంటుంది. "ఉన్నది ఒక్కటే కదండీ, మరి ఎస్ ఎందుకు?" అని పిల్లలు అడిగితే, "రూలు, రాసుకోండి" అని మనలాంటి వాళ్ళం కసురుతాం. ఆయన కసరలేదు. "ఎస్ అంటే పాము. వాక్యం అనే ఈ ఇంట్లో ఉన్నది ఒక్కటే పాము. పిల్లి దగ్గర పడుకుంటే పరుగు దగ్గర ఉండదు, పరుగు దగ్గరికి పోతే పిల్లిని వదిలేస్తుంది" అన్నారు. క్యాట్స్ రన్. క్యాట్ రన్స్. బంతి ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళు లేచి ఒక వాక్యం చెప్పాలి. ఎస్ వచ్చినచోట అరచెయ్యి పడగలా ఎత్తి ఊపాలి. ఊపితే ఆ జట్టుకి పాయింటు, లేకపోతే బంతి అవతలి జట్టుకి.

ఆ క్లాసు నాలుగో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. నా పీరియడులో లెక్క అడిగితే పెదాలు కదిపి ఊరుకునేది. పిల్లలు గుసగుస అని పేరు పెట్టారు. చిత్రంగా ఆయన ఒక్కరికే ఆ పిల్ల మాట అందేది. "ఈవిడ చెప్పింది విన్నారా? ఒక్క తప్పు లేదు!" అని మెచ్చుకునేవారు. ఎవరు విన్నారు గనక? ఇదీ ఆయన వెర్రిబాగులతనమే అనుకున్నాను.

చివరికి ఒకరోజు పెద్ద మేడంకి రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను. "అది తరగతి గది కాదు, సంత. అక్కడ ఆటే గానీ పాఠం లేదు" అని రాశాను. ఆ వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పది రోజులైనా ఏమీ కాలేదు. ఇక నేనే తేల్చుకుందామని భోజనాల బెల్లు కాగానే ఆయన గదిలోకి వెళ్ళాను. అటు తిరిగి బోర్డు తుడుస్తున్నారు.

"మాస్టారూ, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అన్నాను. పలకలేదు.

"మిమ్మల్నే! నా పిల్లలకి రేపు పరీక్ష. మీ పాములు కాసేపు బుట్టలో పడుకోవా?"

తుడుస్తూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఛీ, మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది!" అని గట్టిగా అరిచాను.

ఆయన తాపీగా ఆ మూలదాకా తుడిచి, డస్టరు దులుపుదామని ఇటు తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. "ఎంతసేపైంది మేడం, వచ్చి?" అన్నారు.

అప్పటిదాకా నా అరుపులు ఆయన చెవిన పడనే లేదు. నా మొహం చూసి ఆయనకీ అర్థమైంది. బెంచీ మీద కూలబడ్డారు.

"ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేస్తానండీ. లావు గొంతులు వినపడతాయి. సన్నటి శబ్దాలే రావు. ఎస్ అయితే బొత్తిగా రాదు" అన్నారు. పగలు మరమగ్గాల షెడ్డులో, చెవులు చిల్లులు పడే మోతలో పని, సాయంత్రం చదువు, తొమ్మిదేళ్ళు అలాగే గడిపారట. "ఆ మగ్గాలే నాకు డిగ్రీ ఇచ్చాయి. బదులుగా ఎస్ పట్టుకుపోయాయి."

అప్పుడు తట్టింది నాకు. ఆ చేతులు ఊపడం పిల్లల కోసం ఎంతో, ఆయన కోసం అంత. చెయ్యి లేస్తే ఎస్ ఉన్నట్టు, లేవకపోతే లేనట్టు.

"చెవికి మిషన్ పెట్టించుకోవచ్చు కదండీ?"

"పెట్టుకున్న మర్నాడే ఇంటికి పంపిస్తారు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టులో ఉన్నాను మేడం. ఈసారి తనిఖీ గట్టెక్కితే పర్మనెంటు చేస్తామన్నారు. అదయ్యాక డప్పు కట్టుకుని తిరిగినా అడిగేవాడుండడు. ఇప్పుడు తెలిసిందంటే, చెవిటోడు ఇంగ్లీషేం చెప్తాడంటారు. మీరైతే అనరా?"

అంటాను. తప్పకుండా అంటాను.

"మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు. మీ కాళ్ళు పట్టుకుంటాను, తనిఖీ అయ్యేదాకా ఎవరితోనూ అనకండి" అన్నారు. అంత పెద్దమనిషి నిజంగానే వంగబోయారు. నేను వెనక్కి జరిగాను.

అట్నుంచి అటే పెద్ద మేడం దగ్గరికి పరిగెత్తాను. నా కాగితం నాకిచ్చేయమన్నాను.

"ఇంకెక్కడి కాగితం? పైకి వెళ్ళిపోయింది. తనిఖీకొచ్చే ఆఫీసరు అది చదువుకునే వస్తాడు. అయినా, రెండు పేజీలు రాసింది మీరే కదమ్మా?" అందావిడ.

ఆ వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఫిర్యాదు రాసింది నేనేనని ఆయనకి చెప్పాలి. రోజూ స్టాఫ్ రూములో ఎదురుపడి, రోజూ వాతావరణం గురించి మాట్లాడాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా చెప్పలేదు.

తనిఖీ రోజు నా పిల్లలకి పది లెక్కలిచ్చి, చెక్కగోడలో మేకు ఊడిన కంత దగ్గర కన్ను పెట్టి నిలబడ్డాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మొదటి పది నిమిషాలూ బ్రహ్మాండంగా నడిచింది. బంతి ఎగిరింది, చేతులు లేచాయి, ఒక్క తప్పూ ఆయన్ని దాటిపోలేదు. గట్టెక్కేశాం అనుకున్నాను.

ఆఫీసరు చేతిలో నా రెండు పేజీలు ఉన్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది డాన్సు క్లాసా? ఆటలు చాలు. అందరూ చేతులు కట్టుకోండి" అన్నాడు.

నలభైమంది ఒక్కసారిగా చేతులు కట్టుకున్నారు. మన పిల్లలకి నడక తర్వాత మనం నేర్పే మొదటి విద్య అదే కదా. నేనూ పాతికేళ్ళుగా రోజుకి పదిసార్లు అంటున్న మాటే. ఆ రోజే నాకది ఉరితాడులా వినిపించింది.

ఆఫీసరు ఒక కుర్రాణ్ణి లేపి, మీ నాన్నేం చేస్తాడో చెప్పమన్నాడు. "మై ఫాదర్ డ్రైవ్ ఎ లారీ" అన్నాడు వాడు భయంతో. పాము లేదు. ఇవతల ఉన్న నాకు వినపడింది.

"కరెక్టేనా మాస్టారూ?"

ఆయన చూపు ఆ కుర్రాడి చేతుల మీదికి పోయింది. అవి చంకల్లో ఉన్నాయి. "కరెక్టే సర్" అన్నారు.

తర్వాత ఒక అమ్మాయి "మై సిస్టర్ సింగ్స్" అంది, చక్కగా. ఈసారి జాగ్రత్త పడదామనుకున్నారు కాబోలు, "ఎస్ మర్చిపోయావమ్మా" అన్నారు.

క్లాసంతా బిగుసుకుపోయింది. గోడని రెండు చేతులతో బాదాలనిపించింది నాకు. బాది ఏం చెప్పను? నాకు అన్నీ వినపడుతున్నాయి, ఏమీ చెయ్యలేను.

ఆఫీసరు ఆయన వంక కాసేపు చూశాడు. తర్వాత నాలుగో బెంచీ వైపు తిరిగి, "మీరంతా చేతులెందుకు ఊపుతారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ గుసగుస పిల్ల లేచింది. పెదాలు తడుపుకుంది. మాస్టారు చిక్కులో పడ్డారని ఆ పిల్లకి తెలుసు. ఆయన్ని కాపాడాలనుకుంది. ఏడాదిలో మొదటిసారి, చేతులు కట్టుకునే, గది చివరిదాకా వినపడేటట్టు చెప్పింది.

"అవర్ సర్ హియర్స్ విత్ హిజ్ ఐస్, సర్."

మా సారు కళ్ళతో వింటారండీ, అని. ఒక్క తప్పు లేదు. హియర్ దగ్గర పాము ఉండాల్సిన చోటే ఉంది.

ఆయనకి కనిపించింది ఒక్కటే. ఆ పిల్ల లేచింది, నోరు బాగా తెరిచి మాట్లాడింది, అందరూ విన్నారు. మొహం వెలిగిపోయింది. "వెరీ గుడ్! వెరీ గుడ్ తల్లీ!" అని చప్పట్లు కొట్టారు. ఆ గదిలో చప్పట్లు కొట్టింది ఆయనొక్కరే.

సాయంత్రం ఆయన పెద్ద మేడం గదిలోంచి ఒక కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చారు. అందులో ఏముందో అడగక్కర్లేదు. "ఫిర్యాదు రాసింది నేనే మాస్టారూ" అన్నాను. బడి వదిలిన పిల్లలు చుట్టూ గోల చేస్తున్నారు, నేను తల దించుకుని అన్నాను. ఆయనకి అందలేదు. రెండోసారి అనే ధైర్యం నాకు లేదు.

ఆయన నా దగ్గరగా వచ్చి నిలబడ్డారు.

"అవతలి గదిలోనే ఉన్నారు కదా మేడం, ఒక్కటి చెప్పండి. చివర్లో ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు సరిగ్గా అందలేదు. ఎస్ పలికిందా?"

చెయ్యి పైకెత్తి, అరచెయ్యి పడగలా పట్టుకుని, ఊపాను.